గుమ్మం రేకు

పళ్ళ డాక్టరుగారు తన పాత కారును మా షెడ్డుకి నడుపుకుంటూ రాలేదు, లారీ మీద ఎక్కించి తెచ్చారు. కిందికి దించగానే మా మామగారు వంగి, ఎడమ పక్క తలుపుల కింద పొడవునా సాగే రేకు మీద బొటనవేలు పెట్టి నొక్కారు. వేలు లోపలికి దిగిపోయింది. డాక్టరుగారు తన పన్నే ఊడినట్టు మొహం పెట్టారు.

"పుచ్చిపోయిందా మేస్త్రీ?"

"పుచ్చడం ఎప్పుడో అయిపోయింది సార్. రంగు తప్ప ఇంకేం మిగల్లేదు. ఇన్నాళ్ళూ మీరు రంగు మీద కూర్చుని తిరిగారు."

"అయితే పీకేసి కొత్తది కట్టండి. నేను రోజూ చేసే పనేగా!" అని ఆయన ఒక్కరే నవ్వుకున్నారు.

ఆ రేకును మా షెడ్డులో గుమ్మం అంటాం. తలుపు తెరిచి కాలు లోపల పెట్టేటప్పుడు దాటేది దాన్నే. చూడ్డానికి పనికిమాలిన రేకులా ఉంటుంది కానీ, ఇలాంటి పాత కార్లకి కింద వేరే చట్రం ఉండదు, బరువంతా రెండు గుమ్మాలే మోస్తాయి. ఒక గుమ్మం కోసి తీస్తే కారు నడుము దగ్గర కుంగుతుంది. కుంగినదాన్ని చూసుకోకుండా కొత్త రేకు అతికారో, ఆ కుంగుడు అలాగే బిగిసిపోతుంది. తర్వాత తలకిందులుగా తపస్సు చేసినా తలుపు పట్టదు. అందుకే కోసే ముందు తలుపులు విప్పి, ఆ ఖాళీల్లో మూల నుంచి మూలకి ఇనుప కడ్డీలు అతుకుతాం. కొత్త గుమ్మం పూర్తిగా అతికేదాకా ఆ కడ్డీల జోలికి ఎవరూ పోకూడదు. ఈ పనిలో అదొక్కటే అసలు సంగతి. మిగతాదంతా చేతివాటం.

మామగారి కళ్ళు వెల్డింగు మంట చూసీ చూసీ మసకబారాయి. ఇంకా మంట దగ్గరికి వెళితే ఉన్న కాస్త చూపూ పోతుందని కళ్ళ డాక్టరు భయపెట్టాడు. ఆ రోజు టీ తాగుతూ, పళ్ళ డాక్టరుగారి ముందే ఆయన ఒక మాట అనేశారు.

"ఈ గుమ్మం ఎవరు అతికితే షెడ్డు తాళాలు వాళ్ళవి. నేనింక కుర్చీ వేసుకుని కూర్చుంటాను."

ఆ మాట అంటూ ఆయన చూసింది నావైపు. మా ఆయన వైపు కాదు.

మా ఆయన ఆయనకి ఒక్కగానొక్క కొడుకు. వీధిలో అందరూ 'దొర' అంటారు. ఆ పేరు పెట్టింది నేను కాదు. చేతికి మసి అంటితే పొద్దుటినుంచి సాయంత్రం దాకా సబ్బుతో కడుక్కునే మనిషిని చూసి వీధే పెట్టింది. మనిషి చెడ్డవాడు కాదు. నవ్వుతాడు, నవ్విస్తాడు, వచ్చినవాళ్ళకి కుర్చీ వేస్తాడు. సుత్తి ఇస్తే మాత్రం రేకుకి సొట్ట తీయబోయి ఇంకో సొట్ట పెడతాడు.

నాకు ఈ పని అంటుకున్నది పెళ్ళైన కొత్తలో. కారియరు తీసుకుని షెడ్డుకి వెళ్ళేదాన్ని. ఒకరోజు మామగారు పొడవాటి రేకు వంచుతూ, "ఆ చివర పట్టుకో అమ్మాయ్" అన్నారు. పట్టుకున్నాను. ఇప్పటిదాకా వదల్లేదు. రేకు వెనక ఇనుప దిమ్మ ఎక్కడ ఆనించాలో, సుత్తి ఎంత బరువుగా పడాలో, మంట ఎంత దూరంలో ఉండాలో అన్నీ ఆయనే నేర్పారు. కంటితో కాదు, చెవితో వినమనేవారు. బిగువుగా ఉన్న రేకు ఒకలా పలుకుతుంది, సాగిపోయినది ఇంకోలా పలుకుతుంది. మా నాన్న నాకు నడక నేర్పాడో లేదో గుర్తులేదు కానీ, మామగారు నేర్పిన ప్రతి దెబ్బా గుర్తుంది. ఆయనంటే నాకు అంత ప్రేమ. ఆ ప్రేమ ఉండబట్టే ఈ కథ చెప్పాల్సి వచ్చింది.

షెడ్డులో పని నేను చేస్తాను, అప్పగించేటప్పుడు దొర నిలబడతాడు. వచ్చినవాళ్ళు నా చేతిలో సుత్తి చూస్తూనే "మేస్త్రి లేరా అమ్మా?" అని అడుగుతారు. షెడ్డు నాదైతే ఏ బండి ఒప్పుకోవాలో, ఏది వద్దనాలో నేను చెబుతాను. లోపల తుప్పు దాచి పైన లప్పం పూయమనే బండ్లను గడప తొక్కనివ్వను. నా పని నా పనిగా చలామణీ అవుతుంది. అంతకు మించి నాకు కోరికల్లేవు. ఆ ఒక్కటీ మాత్రం కడుపులో మంటలా ఉండేది.

కారును గోడ పక్కగా తీసుకెళ్ళి, ముందూ వెనకా స్టాండ్ల మీద నిలబెట్టాను. తలుపులు విప్పి కడ్డీలు అతికాను. మూల నుంచి మూలకి కొలిచి, ఆ కొలతలు గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నాను. తర్వాతే గ్రైండరు పట్టాను. పాత గుమ్మం పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. లోపల ఎప్పటి మేస్త్రో చేసిన ఘనకార్యం బయటపడింది. తుప్పు తిన్నచోట గోనెగుడ్డ కుక్కి, పైన లప్పం దట్టించి, రంగు కొట్టి పంపేశాడు మహానుభావుడు. పైన పటారం, లోన లొటారం. మామగారు ఆ గోనెగుడ్డ పీలికను వేళ్ళతో నలిపి, "వీడెవడో బతికుంటే ఒకసారి కాళ్ళు మొక్కాలనుంది" అన్నారు. నేను పడీపడీ నవ్వాను. అప్పటికి ఇంకా మేమిద్దరం కలిసి నవ్వుకునేవాళ్ళం.

అంత పాత కారుకి గుమ్మం రేకు కొనడానికి దొరకదు. అట్టముక్కలు కోసి నమూనా చేసుకుని, కొత్త రేకు మీద గీసి, వంచుకోవాలి. మొదటిసారి వంపు కుదరలేదు. రెండోసారి వంపు కుదిరింది గానీ పొడవు తగ్గింది. విసుగొచ్చి రేకును నేలకేసి కొడితే మామగారు, "దానికి చెవుడు లేదు, మెల్లిగా చెప్పు" అన్నారు. చివరికి కుదిరింది. ఇంకా అతకకుండా, క్లాంపులతో బిగించి, తలుపులు మళ్ళీ తగిలించి చూశాను. చుట్టూ సందు ఒకేలా ఉంది. మామగారు చూపు ఆనక, ఆ సందు వెంట గోరు పెట్టి పైనుంచి కిందిదాకా నడిపించారు. గోరు ఎక్కడా ఆగలేదు.

"కానియ్" అన్నారు.

ఆయన నోటినుంచి అది పెద్ద బిరుదు. మంటకి అడ్డం లేకుండా తలుపులు విప్పి పక్కన పెట్టాను. అతకడం మర్నాటికి ఉంచుకుని ఇంటికి వెళ్ళాను. కాళ్ళు నేల మీద ఆనలేదంటే నమ్మండి. ఆ షట్టరు నేను ఎత్తుతున్నట్టు, తాళం నా కొంగున ఉన్నట్టు దారి పొడవునా ఊహించుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మంట వెలిగించాను. ఒక జానెడు ఈ చివర, ఒక జానెడు ఆ చివర, మధ్యలో రేకు చల్లారనిచ్చి మళ్ళీ ఇంకో జానెడు. ఒకేచోట అతుకుతూ పోతే వేడికి రేకు వంకరపోతుంది. మామగారు కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పే మనిషి ఆ పూట నోరు విప్పలేదు. నేను బాగా చేస్తున్నాను కాబట్టి చెప్పడానికేం లేదనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అతకడం పూర్తయ్యాక ముందు తలుపు బందులకి తగిలించి మెల్లగా తోశాను. పట్టలేదు. ఇంకాస్త గట్టిగా తోశాను. పైన రేకుకి రేకు రాసుకుని కీచుమంది. కింద చూస్తే చిటికెన వేలు దూరేంత సందు. కొలకర్ర తీసి మూల నుంచి మూలకి కొలిచాను. గోడ మీద రాసుకున్న కొలత వేరు, ఇది వేరు. కారు కుంగింది. కుంగినదాన్ని నా చేతులతో నేనే బిగించేశాను.

కడ్డీలు ఉన్నచోటే ఉన్నాయిగా, ఎలా కుంగింది అనుకుంటూ వాటి చివరలు చూశాను. నా అతుకు చేప పొలుసుల్లా వరసగా ఉంటుంది. వెనక ఖాళీలో అలాగే ఉంది. ముందు ఖాళీలో కడ్డీ చివర ఉన్నది పిట్ట రెట్టలా ఉంది. ఏ పిట్టదో నేను ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ కడ్డీని ఎవరో కోశారు. కోసి, మళ్ళీ పెట్టారు.

సరిగ్గా అప్పుడే పళ్ళ డాక్టరుగారు ఇంకొకాయన్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయనకీ పాత కారు ఉందట. ఊళ్ళో పాత కార్లున్న వాళ్ళందరూ వారానికోసారి ఒకచోట చేరి, కార్ల గురించి మాట్లాడుకుంటూ బతుకుతారు. డాక్టరుగారు ఉత్సాహంగా తలుపు పట్టుకుని వేశారు. తలుపు గుద్దుకుని వెనక్కి వచ్చింది. మళ్ళీ వేశారు. మళ్ళీ వచ్చింది.

"ఇదేంటి మేస్త్రీ?"

దొర లోపలి గది ముందు నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు. తుడిచిన చేతులనే మళ్ళీ తుడుస్తున్నాడు. మామగారు కుర్చీలోంచి లేచారు. ఆయన నిజం చెబుతారని నేను ఎదురుచూశాను. కడ్డీ ఎవరు కోశారో ఆయనకి తెలిసే ఉంటుందని అప్పటికే నాకు అర్థమైంది. రాత్రీ పగలూ షెడ్డులోనే ఉండే మనిషి.

"కోడలు చేసిందండీ" అన్నారు మామగారు. "తొందరపడింది. ఎంతైనా ఆడపిల్ల చెయ్యి. మీరేం కంగారుపడకండి, మా అబ్బాయి సరిచేస్తాడు."

తుడుచుకుంటున్న దొర చెయ్యి ఆగిపోయింది. ఆ మాట అతను కూడా ఊహించలేదు. డాక్టరుగారు నావైపు జాలిగా చూశారు. పక్కనున్నాయన అయ్యో అన్నట్టు నాలుక చప్పరించాడు. నేను నోరు తెరిస్తే మా ఆయన పరువు పోతుంది, తెరవకపోతే నాది పోతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడిందని చించుకోవలసిన రోజు అదే. నేను చించుకోలేదు. ఆ మాట దొర నోటినుంచి వచ్చి ఉంటే మీద పడ్డ ఇనుప రజనులా దులిపేసేదాన్ని. మామగారి నోటినుంచి వచ్చేసరికి దులిపేయడం నా చేతకాలేదు.

వాళ్ళు వెళ్ళగానే దొర టీకొట్టు వైపు జారుకున్నాడు. నేను మామగారి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"మామయ్యా, ఆ కడ్డీ నేను అతికింది కాదు."

"నీది కాదు."

"ఎవరు కోశారు?"

ఆయన కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. "నిన్న నువ్వెళ్ళాక వాడి స్నేహితులొచ్చారు. స్టీరింగు దగ్గర కూర్చుని ఫొటోలు దిగుతామన్నారు. అటుపక్క తలుపు తీద్దామంటే గోడ అడ్డం. ఇటు కడ్డీ కోసి ముగ్గురూ ఎక్కి కూర్చున్నారు. నేను కేకలేసి దింపి, మళ్ళీ అతికించా వాడిచేత."

"ముగ్గురు ఎక్కితే బాడీ మూలిగి ఉంటుంది. మీకు వినబడలేదా?"

"వినబడింది."

"మరి పొద్దున నేను మంట వెలిగించినప్పుడు ఒక్క మాట చెప్పొచ్చుగా! కొలుచుకునేదాన్ని కదా!"

"మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటారని... అంతగా కుంగి ఉండదులే అనుకున్నా."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "అంతగా కుంగి ఉండదు! ఇంకొకళ్ళు ఈ మాటంటే సుత్తి తీసుకుని వెంటపడేవారు మీరు. సరే, అది వదిలేయండి. డాక్టరుగారి ముందు నా పేరెందుకు చెప్పారు?"

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు కాక తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయాక ఆయన నోరు విప్పారు.

"వాడికి ఈ షెడ్డు తప్ప ఇంకేముంది అమ్మాయ్? వాడు పాడుచేశాడని నలుగురికీ తెలిస్తే నా తర్వాత ఒక్క బండి గడప తొక్కదు. నీకు చేతిలో పనుంది. నువ్వు ఎక్కడైనా బతుకుతావు. వాడు బతకలేడు."

"అంటే తాళాలు ఆయనకే ఇస్తారా?"

"నువ్వూ వాడూ వేరా?" అన్నారు.

కాకి పిల్ల కాకికి ముద్దు. కొడుకు కాబట్టి ఇచ్చానని అంటే నేను నొచ్చుకునేదాన్ని, కానీ అర్థం చేసుకునేదాన్ని. ఆయన అలా అనలేదు. నాకు పని వచ్చు కాబట్టి నాకు షెడ్డు లేదట. దొరకి పని రాదు కాబట్టి దొరకి ఉందట. నేర్పిన చెయ్యే ఆ లెక్క చెప్పింది. ఈ న్యాయం ముందు తెలిసి ఉంటే నేనూ హాయిగా చేతులు తుడుచుకుంటూ కూర్చునేదాన్ని.

గుమ్మం మళ్ళీ కోసింది నేనే. కారు ఏ పాపం చేసింది? వంకర తలుపుతో దాన్ని వీధిలోకి పంపడానికి నా మనసొప్పలేదు. షట్టరు సగం దించి, జాకీతో బాడీని వెంట్రుక వెంట్రుకగా పైకెత్తి, పాత కొలత వచ్చాక కడ్డీలు అతికి, నా అతుకులన్నీ నేనే కోసుకుంటూ పోయాను. అలా కోస్తే రేకు అంచులు పాడవుతాయి, మళ్ళీ వాడుకోలేం. ఇంకో రేకు వంచాను. దొర నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. "నిజంగా అంత కుంగుతుందని తెలియదే నాకు. నాన్న అలా అంటాడని కూడా అనుకోలేదు" అన్నాడు. అతని మొహంలో సిగ్గు కనిపించింది. సిగ్గుపడ్డాడు గానీ, డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి నిజం చెప్పేంత పడలేదు. ఎవరైనా రాగానే మాత్రం బయటికి వెళ్ళి, "లోపల పని నడుస్తోందండీ" అని నవ్వుతూ నిలబడేవాడు.

కారు తీసుకెళ్ళడానికి డాక్టరుగారు మళ్ళీ అదే స్నేహితుడితో వచ్చారు. తలుపు వేలితో తోస్తే 'టప్' మని మెత్తగా పట్టింది. ఆయన తెరిచారు, వేశారు, మళ్ళీ తెరిచారు. దొర చెయ్యి పట్టుకుని ఊపేశారు.

"ఏం చెయ్యయ్యా నీది! అంత పాడైనదాన్ని ఇలా చేశావంటే మీ నాన్న పేరు నిలబెట్టావు."

దొర ఏదో గొణిగాడు. వినయం అనుకున్నారు వాళ్ళు. డాక్టరుగారు మంచి మనిషి, నన్ను కూడా వదల్లేదు.

"నువ్వేం బాధపడకమ్మా. నేర్చుకునేటప్పుడు అందరికీ జరుగుతుంది. కొత్తలో నేనూ పుచ్చుపన్ను వదిలేసి పక్క పన్ను పీకాను."

అందరూ నవ్వారు. ఆయన ముందే మామగారు తాళాల గుత్తి తీసి కొడుకు చేతిలో పెట్టారు. గుమ్మం ఎవరు అతికితే వాళ్ళవన్న మాట నిలబెట్టుకున్నట్టే అందరికీ కనిపించింది. మాట తప్పని మనిషని డాక్టరుగారి స్నేహితుడు మెచ్చుకున్నాడు కూడా.

నేను మామగారి మాటే పట్టుకున్నాను. ఎక్కడైనా బతుకుతావన్నారుగా, బతికి చూపిద్దామనుకున్నాను. పెద్ద రోడ్డు మీద పాత కార్లు మాత్రమే బాగుచేసే వర్క్‌షాపు ఒకటుంది. అద్దాల గది, నేల మీద నూనె చుక్క కనబడదు. చీర మార్చుకుని వెళ్ళాను. ఓనరు మర్యాదస్తుడు, కూర్చోమన్నాడు. రేకు పని వచ్చని చెప్పాను. ఏ షెడ్డులో చేశారని అడిగాడు. చెప్పాను.

"ఓహో" అన్నాడు. కళ్ళలో మర్యాద అలాగే ఉంది. "పళ్ళ డాక్టరుగారి కారుకి గుమ్మం వంకరగా అతికింది మీరేనా?"

"ఒక పాత డోరు ఇవ్వండి. ఇక్కడే, మీ ముందే చేసి చూపిస్తాను."

"వద్దమ్మా. ఇక్కడికొచ్చేవన్నీ అపురూపమైన బండ్లు. ఒకసారి తప్పు కోస్తే మళ్ళీ దొరకవు. మీవారి దగ్గరే ఇంకొన్నాళ్ళు నేర్చుకోండి. మంచి పనివాడట, అందరూ అనుకుంటున్నారు."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ కుర్చీలో తెలిసింది. అక్కణ్ణించి లేచి ఇంకో షెడ్డుకి వెళ్ళాను. అక్కడికీ ఆ కబురు నాకంటే ముందే చేరింది. ఈసారి ఇంక దాచలేదు. కడ్డీ కోసింది మా ఆయన, గుమ్మం మళ్ళీ అతికింది నేను, రెండుసార్లూ పని నాదే అని గడగడా చెప్పేశాను. అక్కడి మేస్త్రి నా మాట పూర్తికాకముందే తన మనుషుల వైపు తిరిగి, "ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదేరా" అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఆ సామెత నేను దొర మీద ఎన్నిసార్లు వాడానో! నాకు కూడా సరిపోతుందని ఎప్పుడూ అనుకోలేదు.

తిరిగి వచ్చేసరికి మామగారు షెడ్డు ముందు కుర్చీలో ఉన్నారు. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి తల తిప్పారు.

"ఏమన్నారు అమ్మాయ్?"

"మీరన్న మాటే అన్నారు మామయ్యా. ఒక్క ముక్క కూడా మార్చలేదు. కోడలు పాడుచేసింది, కొడుకు బాగుచేశాడు."

ఆయన కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు. "నేను వెళ్ళి చెబుతాను. జరిగిందేంటో నేనే చెబుతాను వాళ్ళకి" అంటూ లేవబోయారు.

"ఏమని చెబుతారు? మీ అబ్బాయి పాడుచేశాడనా?"

ఆయన సగం లేచినవారల్లా అలాగే ఆగిపోయారు. లేచి వెళతారేమోనని నేను నిజంగానే చూశాను. కాస్త పక్కకి జరిగి దారి కూడా ఇచ్చాను. ఆయన మెల్లగా మళ్ళీ కూర్చున్నారు. ఆ కూర్చోవడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

లోపలినుంచి దొర కేకేశాడు. "వచ్చావా? ఇటొకసారి రా. ఈ మడ్‌గార్డు ఎందుకో కుదిరి చావట్లేదు. సాయంత్రానికి ఇచ్చేస్తానని మాటిచ్చాను."

మామగారు తల ఎత్తలేదు. నేను ఆయన పక్కనుంచి లోపలికి వెళ్ళి చేతికి తొడుగులు వేసుకున్నాను.